సవరణ

వాల్పరైసోలో ఉత్తరపు గాలి కొట్టిన రాత్రి
కొండెక్కే పెట్టెబళ్ళు ఆగిపోయాయి.
నాలుగొందల మెట్లు దిగి
తడిసిన బూట్లతోనే డెస్కు ముందు కూచున్నాను.

పదిన్నరకి కబురు.
లంగరు తెగి రాళ్ళ మీదికి కొట్టుకుపోతున్న గోధుమల ఓడని
తాడు నిచ్చెన పట్టుకుని పైకెక్కి
రేవులోకి తెచ్చిన పైలట్
ఎదెల్మీరా ఓయార్సున్, నలభై ఆరేళ్ళు.

చూశారా, వయసు అప్పుడే రాసేశాను.
ఓడ కెప్టెన్ వయసు ఎవరూ అడగలేదు.
నేనూ అడగలేదు.

నిబాల్దో తెచ్చినవి పదకొండు ఫోటోలు.
పదింట్లో ఆమె రేడియోలోకి అరుస్తోంది,
నుదుటి మీద నరం ఉబ్బి
జుట్టు మొహానికి అతుక్కుపోయి.
పదకొండోది, ఎవరో టీ కప్పు చేతికిచ్చినప్పుడు
ఒక్క క్షణం నవ్వింది.
ఏది అచ్చయిందో వేరే చెప్పాలా?

శీర్షికకి మూడు కాలాల చోటు.
పైలట్ అన్న మాట పెట్టి చూశాను,
చివరి అక్షరం గీత దాటి బయటికొచ్చింది.
తల్లి అని పెట్టాను.
అచ్చు గుద్దినట్టు సరిపోయింది.
ఆ మాట ఎక్కడైనా ఇముడుతుంది.
ఇమడటమే దాని పని అనుకుంటాం.

"తల్లి చేతుల్లో నిద్రపోయిన ఓడ."

డోన్ ఎవారిస్తో నా భుజం తట్టాడు,
నువ్వు కవివి పిల్లా అన్నాడు.
పొంగిపోయాను. అది కూడా దాచకుండా చెప్పాలి.

మర్నాడు మధ్యాహ్నం ఫోను.
"ఓడ బరువు ముప్పై వేల టన్నులు కాదు, ముప్పై ఎనిమిది.
గాలి యాభై నాట్స్ కాదు, అరవై రెండు."
రాసుకుంటున్నాను, పెన్ను సరిగా పడటం లేదు.
"ఓడ నిద్రపోలేదు.
కింద ఇంజను గదిలో తొమ్మిదిమంది ఫిలిప్పీన్ కుర్రాళ్ళు
మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి దాన్ని మేలుకొలిపి ఉంచారు."

కాస్త ఆగింది.
వెనకాల ఏదో పక్షి అరుస్తోంది.
"నాకు పిల్లల్లేరు."

కోపం లేదా గొంతులో.
అడుగున నీరెంత ఉందో
గుండు వేసి చూసి చెప్పినట్టు చెప్పింది.

సవరణ ఏడో పేజీలో వచ్చింది, టైర్ల ప్రకటన కింద.
టన్నులు. నాట్స్.
మిగతాదానికి చోటు చాలలేదు.
పిల్లల సంగతి అడిగితే
అది తప్పు కాదమ్మా, ఉపమానం అన్నాడు ఎవారిస్తో.

ఆ శీతాకాలమంతా పాత కట్టలు తిరగేశాను.
దుమ్ముకి తుమ్ములు.
ఆర్థిక మంత్రిగా ప్రమాణం చేసినామె
బడ్జెట్టు ఏమందో గానీ
పచ్చ జోళ్ళతో వచ్చిందట.
ప్లాయా అంచా దగ్గర శవమై దొరికిన పిల్ల
అంత రాత్రప్పుడు అక్కడేం చేస్తోందో అని ఒక పేరా,
పొడిచినవాడు మితభాషి అని,
కుడికాలితో బంతి బాగా తన్నేవాడని రెండు పేరాలు.

సంతకాల్లేని వార్తలు అవి.
అయినా నా కామాలు నేను గుర్తుపడతాను.

ఎవారిస్తో పదవీ విరమణకి నన్నే రాయమన్నారు.
రాశాను.
"నీలం చొక్కాలో మెరిసిపోతూ,
ఇద్దరు మనవల తాతయ్య,
ఇంటినీ పత్రికనీ ఎలా నెగ్గుకొచ్చాడో చిరునవ్వుతో చెప్పాడు."
డెస్కంతా పడీపడీ నవ్వింది.
ఆయన నవ్వలేదు.
అది అచ్చుకీ పోలేదు.
"వార్తల సముద్రంలో చుక్కాని" అని వేశారు.
రేవు చుట్టూ తిప్పే విహారపు పడవెక్కినా
వాంతి చేసుకునే మనిషాయన.

నిన్న రాత్రి మళ్ళీ ఉత్తరపు గాలి.
కిటికీలోంచి చూస్తే
అలల మధ్య పైలట్ పడవ ఒకటి
దీపం మునుగుతూ, తేలుతూ.
అందులో ఉన్నదెవరో నాకు తెలీదు.
తెలియకుండానే ఎన్ని మాటలు వచ్చేశాయో నోట్లోకి!
ఒక్కొక్కటే మింగాను.

పందొమ్మిదేళ్ళు ఆలస్యంగా
ఏడో పేజీలో పట్టనిది ఇక్కడ వేస్తున్నాను.
ఎదెల్మీరా ఓయార్సున్‌కి పిల్లల్లేరు.
ఓడని ఆమె తెచ్చింది.

పైన వయసు రాశాను కదా,
దాన్ని కొట్టేసి చదువుకోండి.